పై అంతస్తులో సముద్రం

మూడుసార్లు తలుపు కొట్టాను.
నా వంటింటి కప్పు మీద తడి మరక పెరుగుతోందని,
దాని అంచున ఉప్పు పూస్తోందని చెప్పడానికి వెళ్లాను.
నిజం చెప్పాలంటే తగువుకే వెళ్లాను.

ద్రాహొమీరా తలుపు తీసింది.
మోచేతుల దాకా తెల్లటి చారలు.
"చెప్పులు విప్పు, నేల తడి" అంది.
పదకొండేళ్లు కింద నేను, పైన ఆమె.
మా మధ్య మొదటి మాట అదే.

ఒస్త్రావాలో ఎవరూ సముద్రం చూస్తూ పెరగరు.
మాకు తెలిసిన లోతు గని లోతు,
తెలిసిన అల ట్రాము వెళ్లాక కిటికీలో మిగిలే వణుకు.
ఆమె మాత్రం స్నానాలతొట్టిలో
తూచి తూచి కలుపుకుంటుంది సముద్రాన్ని.
లీటరుకు ముప్పైఅయిదు గ్రాములు.
కొలిచే పరికరం ఉంది, అయినా
చివరికి ఒక చుక్క నాలుక మీద వేసుకుని
కళ్లు మూసుకుంటుంది.

గోడంత గాజుపెట్టె.
లోపల పచ్చటి ద్రాక్షగుత్తుల్లాంటి నాచు,
దువ్వెన ఎరగని జుట్టులా ఎర్రనాచు,
గుప్పిళ్లు తెరుస్తూ మూస్తూ మెత్తటి పగడాలు
(ఎవరిని రమ్మంటున్నాయో, ఎవరిని పొమ్మంటున్నాయో),
వాటి నడుమ నాలుగు సముద్రపు గుర్రాలు,
తోకతో కాడను చుట్టుకుని, తల వాల్చుకుని,
ట్రాములో కమ్మీ పట్టుకుని కునుకు తీసే
రాత్రి షిఫ్టు మనుషుల్లా.

"వీటికి కడుపు లేదు" అంది.
"తిన్నది తిన్నట్టే పోతుంది."
ఆకలిని దాచుకునే చోటు లేని ప్రాణులు.
అందుకే రోజుకు మూడుసార్లు
టీ వడపోసే జల్లెడలో గడ్డకట్టిన రొయ్యల్ని కరిగిస్తుంది,
ఒక్కో ముట్టె ముందు ఒక్కోటి జారవిడుస్తుంది.
తొందరపడదు. అవీ తొందరపడవు.
మరక సంగతి ఎత్తడం మరిచిపోయి దిగివచ్చాను.

ఇరవయ్యేడేళ్లు గని దీపాల గదిలో ఆమె ఉద్యోగం.
మనిషి దిగితే ఇత్తడి బిళ్ల కొక్కేనికి,
పైకొస్తే బిళ్ల మనిషి చేతికి.
కొక్కేలన్నీ ఖాళీ అయితేనే ఇంటికి.
ఒకసారి రెండు బిళ్లలు మిగిలిపోయాయట.
అంతవరకే చెప్పి, జల్లెడ కడగడానికి లేచింది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, మూడు దాటాక,
వేడినీళ్ల గొట్టం మీద చెంచాతో కొట్టింది.
నేను లుంగచుట్టుకున్న దుప్పటితోనే పరుగెత్తాను.
పచ్చనాచు పాలిపోయి గాజులా ఉంది,
నీళ్లు మజ్జిగతేటలా.
"విత్తు వదిలేస్తోంది. ప్రాణమంతా ఈ ఒక్క రాత్రికే.
పీకెయ్, మొత్తం పీకెయ్, వాటికి గాలి ఆడదు."

పీకాం. గుప్పెళ్లకు గుప్పెళ్లు.
బకెట్లతో తోడాం, తొట్టిలోని కొత్త సముద్రం పోశాం.
నా చేతులకు వాసన, కోసిన దోసకాయకీ చేపకీ మధ్యది.
ఆమె గాజుకు నుదురు ఆనించి లెక్కపెట్టింది.
మూడు.
మళ్లీ లెక్కపెట్టింది.
ఆ వీపు చూస్తే తెలిసింది
దీపాల గదిలో ఆమె ఎలా నిలబడి ఉంటుందో.

నాలుగోది నా బకెట్లో ఉంది.
నేను పీకిన కాడనే పట్టుకుని,
చచ్చిన పచ్చదనాన్ని వదలక.
వేలు పెట్టాను. కాసేపు ఆలోచించి
వేలికి మారింది.
దారపు పోగంత పట్టు.
దాన్ని దింపేదాకా నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తు లేదు.
ఆమె నన్ను తిట్టలేదు. "నీళ్లు కారుస్తున్నావు" అంది.

మరక ఇంకా ఉంది. రంగు వేయించలేదు.
ఆమె మోకాలి ఆపరేషనుకు వెళ్లినప్పుడు
తాళం నా దగ్గర ఉంచింది.
సాయంత్రం రొయ్యలు కరిగించి, వేసి,
లైటు మీట మీద చెయ్యి పెట్టి నిలబడతాను.
ఒకటి ఎర్రనాచులో. రెండు పంపు దగ్గర, తోకలు మెలేసుకుని.
ఇంకోటి కనిపించాలి.
కనిపించేదాకా ఉంటాను.